పాపయ్య ప్రశ్న, పాల్ హీబర్ట్ పనితనం

అమెరికాలో, ఆఫ్రికాలో వేదాంత కళాశాలల తరగతుల్లో పాఠంగా చెప్పుకునే ఒక తెలుగు పేరుంది. అది బిషప్పు పేరో, కీర్తనకారుడి పేరో, పేరుమోసిన ప్రసంగీకుడి పేరో కాదు. పాపయ్య అనే మామూలు రైతు పేరు. చదువు రాదు. పొలం పని ముగించుకుని ఊళ్లోకి వస్తాడు. ఇంట్లో ఇంకా వంట కాలేదని ఊరి నడుమకు పోయి కూర్చుంటాడు. అక్కడ కొత్త మనిషి ఎవరో కొత్త దేవుడి సంగతి చెబుతుంటే అలసటతోనే వింటాడు. గంట గడిచేసరికి మనసు కదులుతుంది, తల వంచి ప్రార్థన చేస్తాడు. లేచి ఇంటిదారి పట్టగానే సందేహాలు మొదలవుతాయి. ఇక గుడికి పోవచ్చా? ఇంట్లో చెప్పాలా, వద్దా? చేతిలో పెట్టిన కాగితాలు ఎవరు చదివి పెడతారు? ఒక రోజంతా నడిచినా ఇంకో క్రైస్తవుడు కనబడడు. ఆ మనిషి మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు.

పాల్ హీబర్ట్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1978లో రాసిన ఒక వ్యాసానికి ఎత్తుగడ ఇది. పట్టుమని పది పేజీలు లేని వ్యాసం. ఒక్కసారి విన్నంత మాత్రాన పాపయ్య క్రైస్తవుడు కాగలడా అన్నది అందులో ప్రశ్న. కాగలడంటే అతనిలో మారిందేమిటి? కాలేడంటే, ఇంకెంత తెలిస్తే అవుతాడు, ఎన్ని మానేస్తే అవుతాడు, ఆ లెక్క తేల్చేదెవరు? మొదటి ప్రశ్నలన్నీ వేదాంతానివి, చివరిది నాయకత్వానిది. ఈ రెంటినీ ఎన్నడూ విడదీయకుండా రాసిన రచయిత హీబర్ట్. ఆయన పని ఎలా సాగిందో దగ్గరగా చూపించడం, మన పాలమూరు (మహబూబ్‌నగర్) సంఘాలకు, ముఖ్యంగా అడ్వెంటిస్టు సంఘాలకు అది ఎందుకు పనికొస్తుందో చెప్పడం ఈ పరిచయం ఉద్దేశం.

శంషాబాదు నుంచి కొండూరు దాకా

పాల్ హీబర్ట్ 1932లో శంషాబాదులో మిషనరీ దంపతులకు పుట్టారు. వాళ్లది మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్. ఈ పేరు పూర్తిగా పలికితే పాలమూరులో చాలామందికి తట్టదు గానీ, ఎంబీ చర్చి ఎక్కడ అని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. నాగర్‌కర్నూల్, వనపర్తి, కల్వకుర్తి, దేవరకొండ, జడ్చర్ల, శంషాబాదు ఈ మిషన్ కేంద్రాలు. గద్వాల, మహబూబ్‌నగర్ అంతకుముందు అమెరికన్ బాప్టిస్టుల చేతిలో ఉండి 1937లో వీళ్లకు వచ్చాయి. 2016లో ఉమ్మడి మహబూబ్‌నగర్ విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేరు వేరు జిల్లాలయ్యాయి. సంఘాల చరిత్రలో మాత్రం ఈ మూడు ఊళ్లది ఇప్పటికీ ఒకే కథ.

హీబర్ట్ అమెరికాలో వేదాంతంతో పాటు మానవశాస్త్రం కూడా చదువుకుని 1960లో తిరిగి వచ్చారు. శంషాబాదులోని బెతనీ బైబిల్ స్కూలు బాధ్యత చూశారు. పల్లె సంఘాలకు బోధకులను తయారుచేసే బడి అది. ఆ రోజుల్లోనే ఒక తెలంగాణ పల్లెను పట్టుకుని లోతుగా పరిశీలించారు. ఆ పరిశీలన నుంచి 'కొండూరు' అనే గ్రంథం పుట్టింది, 1971లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం ముద్రించింది. పల్లెలో కులాలు ఎలా అమరి ఉంటాయి, వృత్తులు ఒకదానిమీద ఒకటి ఎలా ఆధారపడతాయి, తగాదా వస్తే పంచాయితీ ఎలా నడుస్తుంది, పండుగ వస్తే ఎవరి వంతు ఏమిటి, ఇన్ని తేడాల మధ్య ఊరు ఊరుగా ఎలా నిలబడుతుంది, ఇదీ ఆ పుస్తకం పట్టు. మిషనరీ రాసిన పుస్తకమే అయినా అందులో మతప్రచారం లేదు. ముందు చూడాలి, వినాలి, రాసుకోవాలి, మంచిచెడ్డల మాట తర్వాత అన్న క్రమశిక్షణ ఆయనకు అక్కడే అబ్బింది. తర్వాత సియాటిల్‌లో, ఫుల్లర్ సెమినరీలో, 1990 నుంచి ట్రినిటీ సెమినరీలో పాఠాలు చెప్పి 2007లో కన్నుమూశారు. అన్నేళ్ల బోధనలోనూ ఉదాహరణ కావలసి వచ్చినప్పుడల్లా తెలంగాణ పల్లెకే మళ్లీ మళ్లీ వచ్చేవారు.

గీత గీయాలా, దిక్కు చూడాలా

పాపయ్య వ్యాసం అల్లికను ఒకసారి విప్పి చూద్దాం. కథలో చెప్పిన ప్రతి చిన్న విషయమూ తర్వాత ఒక సమస్యగా తిరిగి వస్తుంది. చదవలేని కాగితాలు ఉన్నాయి, కాబట్టి జ్ఞానమే కొలత అయితే పాపయ్య గతేమిటి? గుడికి పోవచ్చా అన్న సందేహం ఉంది, కాబట్టి నడవడికే కొలత అయితే ఈ రాత్రికి రాత్రే అతను ఏం మార్చుకోగలడు? దరిదాపుల్లో విశ్వాసులు లేరు, కాబట్టి సంఘంలో ఉండటమే కొలత అయితే అతనికి సంఘమేది? రోజూ మనం తిరుగులేనివని వాడే మూడు కొలతలూ ఒక రైతు ఇంటికి నడిచే పది నిమిషాల్లో చేతులెత్తేస్తాయి. వాదించకుండానే రచయిత ఇంత పని చేయించుకున్నారు.

ఇక్కడ ఆయన ఒక మలుపు తిప్పుతారు. క్రైస్తవుడు ఎవరు అని అడిగే ముందు, ఆ మాట అనుకున్నప్పుడు మన బుర్రలో ఎలాంటి గుంపు ఏర్పడుతోందో చూసుకోమంటారు. గణితంలో సమితుల సంగతి తీసుకొస్తారు. మొదటిది గీత గీసిన గుంపు. ఆపిల్ పండు ఉంది. పచ్చిదైనా పండినదైనా, సగం కుళ్లినా, అది ఆపిలే. ఇంకో పండు ఆపిల్ కాదు. లోపలో బయటో తేలాలి, సగం లోపల అనేది ఉండదు. ఇలాంటి సంఘంలో పెద్దల శక్తంతా గీత దగ్గరే ఖర్చవుతుంది. గీత దాటించడం, దాటి వచ్చినవాణ్ని లెక్కలో రాసుకోవడం, తప్పు చేసినవాణ్ని బయటికి పంపడం. లోపలికి వచ్చాక అందరూ ఒకటే గనుక ఎదగమని అడిగేవాళ్లు తగ్గిపోతారు.

రెండోది కేంద్రం ఉన్న గుంపు. ఇక్కడ అడిగేది లోపలున్నావా అని కాదు, ఎటు తిరిగి ఉన్నావు అని. కేంద్రానికి చాలా దూరంలో ఉన్నవాడు కూడా దానివైపు తిరిగి ఒక అడుగు వేస్తే ఆ గుంపువాడే. దగ్గరలోనే ఉండి వీపు తిప్పుకుని నడిచేవాడు కాడు. మారుమనస్సు అంటే తిరగడం, శిష్యత్వం అంటే తిరిగినవాడు నడుస్తూ ఉండటం. ఆ లెక్కన పాపయ్య ఆ రాత్రే క్రైస్తవుడు. కాకపోతే అతని పని ఆ రాత్రితో మొదలైంది, ముగియలేదు. అతనికి చెప్పినవాడి బాధ్యత కూడా అంతే.

చాలామంది ఈ వ్యాసాన్ని ఇక్కడే పొరబాటుగా చదువుతారు. గీతలు చెరిపేయండి, ఎవరైనా ఎలాగైనా ఉండవచ్చు అని హీబర్ట్ చెప్పినట్టు ప్రచారం చేస్తారు. ఆయన అలా అనలేదు. కేంద్రం ఉన్న గుంపులోనూ హద్దు ఉంటుంది. అటు వెళ్లేవాళ్లు, ఇటు వెళ్లేవాళ్లు వేరుపడినప్పుడు దానంతటదే ఏర్పడే హద్దు అది. కేంద్రాన్ని స్పష్టంగా పట్టుకుంటే హద్దును కాపలా కాయవలసిన శ్రమ తగ్గుతుంది. 1994లో వచ్చిన పుస్తకంలో ఇదే ఆలోచనను నాలుగు రకాల గుంపులుగా విస్తరించారు. మొదటి వ్యాసంలోని పదును మాత్రం పాపయ్యకే దక్కింది.

శనివారం, పత్తి మొగ్గ

హీబర్ట్ అడ్వెంటిస్టు కాదు. అయినా ఆయన ప్రశ్న అందరికన్నా గట్టిగా తగిలేది అడ్వెంటిస్టు సంఘానికేనని నా అభిప్రాయం. తెలుగునాట వాళ్ల పేరు చెబితే నూజివీడులోని గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి, నరసాపురం దగ్గర రుస్తుంబాదలోని ఫ్లెయిజ్ కాలేజీ గుర్తొస్తాయి. 1863లో అమెరికాలో సంస్థగా ఏర్పడిన ఈ సంఘం గీతల విషయంలో మొహమాటపడదు. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా సబ్బాతు. మద్యం, పొగాకు ముట్టకూడదు. తిండిలో నియమాలున్నాయి. బాప్తిస్మానికి ముందు అడిగే ప్రమాణాల పట్టికలో 13 అంశాలుంటాయి. 1980లో 27 మూల విశ్వాసాలను క్రోడీకరించుకున్నారు, ఇప్పుడవి 28. అదే సమయంలో బైబిలు ఒక్కటే మా విశ్వాస ప్రమాణం అని, ఈ 28 మాటలను ప్రపంచ మహాసభ కూర్చుని సవరించుకోవచ్చని ఆ పట్టిక ముందుమాటలోనే రాసుకున్నారు. గీతా ఉంది, కేంద్రమూ ఉంది. పేచీ ఎప్పుడు వస్తుందంటే పల్లెలో ఒక మనిషి ముందు రెండూ ఒకేసారి నిలబడ్డప్పుడు.

పాపయ్యను నడిగడ్డకు, అంటే గద్వాల ప్రాంతానికి, తీసుకువచ్చి చూద్దాం. గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తనం పండిస్తారు. క్రాసింగ్ సీజన్లో సాయంత్రం పూట ఆడ మొక్కల మొగ్గలు గిల్లి పుప్పొడి కాడలు తీసేస్తారు, మర్నాడు పొద్దున మగ పూల పుప్పొడి తెచ్చి అద్దుతారు. ఈ రోజు గిల్లిన మొగ్గకు రేపు అద్దకపోతే అది విత్తనానికి పనికిరాదు. పని రోజూ ఉంటుంది. పెట్టుబడికి విత్తన కంపెనీకీ రైతుకూ మధ్యవర్తి అయిన ఆర్గనైజర్ దగ్గర తెచ్చిన అడ్వాన్సు ఉంటుంది. ఇప్పుడు మన పాపయ్య శనివారం సంఘానికి రావడం మొదలుపెట్టాడనుకోండి. శుక్రవారం సాయంత్రం మొగ్గ గిల్లాలా? శనివారం పొద్దున చేలోకి పోవాలా?

గీత ఒక్కటే చూసే పెద్ద దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేయగలడు. ఆ జవాబు తప్పని నేననను. సబ్బాతును ప్రాణంగా చూసుకునే సంఘం దాన్ని పత్తి మొగ్గ కోసం సడలించుకోవాలని ఆశించడం న్యాయం కాదు. హీబర్ట్ దగ్గర నేర్చుకోవలసింది జవాబు కాదు, జవాబు దాకా వెళ్లే పద్ధతి. దాని గురించి ముందుకు పోయి చెబుతాను. అంతకంటే ముందు ఆయన ఇంకో పెద్ద రచన ఉంది.

మధ్య అంతస్తులో ఎవరూ లేరా

1982లో 'మిస్సియాలజీ' పత్రికలో వచ్చిన వ్యాసంలో ఆయన మనుషుల ప్రశ్నలను మూడు అంతస్తులుగా పేర్చారు. పై అంతస్తులో సృష్టి, మరణం తర్వాతి సంగతి, దేవుడు, మోక్షం. కింది అంతస్తులో పొలం, రోగం, మందు, యంత్రం, కంటికి కనిపించే లోకం. మధ్యలో ఇంకొకటి ఉంది. బిడ్డకు దిష్టి తగిలింది. కోడలికి గాలి సోకింది. బోరు వేస్తే నీళ్లు పడతాయా? ఈ సంబంధం చేసుకోవచ్చా? వరసగా మూడు కష్టాలు మా ఇంటికే ఎందుకొచ్చాయి? ఎవరైనా చేతబడి చేయించారా? పల్లె మనిషి రోజులో ఎక్కువసేపు బతికేది ఈ మధ్య అంతస్తులోనే.

మిషనరీలు పై అంతస్తుకు గుడి కట్టారు. కింది అంతస్తుకు బడి, ఆసుపత్రి కట్టారు. జడ్చర్లలో ఎంబీ ఆసుపత్రి, నూజివీడులో అడ్వెంటిస్టుల ఆసుపత్రి అలా వచ్చినవే. మధ్య అంతస్తు ప్రశ్నలకు మాత్రం వాళ్ల దగ్గర జవాబు లేదు, ఎందుకంటే వాళ్లు పెరిగిన ఊళ్లలో ఆ అంతస్తే మాయమైపోయింది. అవన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేశారు. దాంతో విశ్వాసి మోక్షానికి పాస్టరు దగ్గరికి, జ్వరానికి డాక్టరు దగ్గరికి, గాలి సోకితే చీకటిపడ్డాక మంత్రగాడి దగ్గరికి పోవడం నేర్చుకున్నాడు. ఈ వ్యాసంలో హీబర్ట్ వేలు చూపించింది తనవైపే. నా చూపులోనే ఈ అంతస్తు లేదని ఒప్పుకుని, ఉండాల్సిందేమిటో అక్కడి నుంచి వెదికారు.

ఈ వాదానికి ప్రాణం పోసే ఘట్టం ఆయన మరోచోట రాశారు. ముచ్చింతల అనే పల్లె. మశూచి వచ్చింది. మైసమ్మకు కోపం వచ్చిందని, దున్నపోతును బలివ్వాలని తేలింది. ఊరి పెద్దలు ఇంటింటికీ చందా వేశారు. క్రైస్తవులు ఇవ్వమన్నారు. మీరెవరికి మొక్కినా మాకు అక్కర్లేదు, ఊరి కోసం నాలుగు పైసలివ్వండి అన్నారు పెద్దలు. వీళ్లు ఒప్పుకోలేదు, ఒత్తిడి పెరిగింది. అంతలో క్రైస్తవుల ఇంట్లోనే ఒక ఆడపిల్లకు జబ్బు చేసింది. సంఘ పెద్ద ఎల్లయ్య వచ్చి ప్రార్థన చేయమని మిషనరీని అడిగాడు. ఆ మిషనరీ హీబర్టే. ప్రార్థన చేశారు గానీ లోపల నమ్మకం కుదరలేదు. వారం తిరగకముందే పిల్ల చనిపోయింది. ఒక పిల్ల కోసం ప్రార్థించి బతికించలేని నేను ఏం మిషనరీనని ఆయన కుంగిపోయారు.

కొన్ని వారాలకు ఎల్లయ్య మళ్లీ వచ్చాడు, ముఖంలో సంతోషంతో. పిల్ల పోతే సంతోషమేమిటని అడిగితే అతను చెప్పిన జవాబు సారాంశం ఇది: పిల్ల బతికి ఉంటే మన దేవుడికి శక్తి ఉందని ఊరు ఒప్పుకునేది, కానీ ఎప్పటికైనా ఆ పిల్ల చావాల్సిందేనని కూడా వాళ్లకు తెలుసు. సమాధి దగ్గర మనం నిబ్బరంగా నిలబడటం, పునరుత్థానం మీద ఆశ పెట్టుకోవడం చూశారు. చావుమీదే గెలుపుందని వాళ్లకు అనిపించింది, ఇప్పుడు మన మార్గం గురించి అడుగుతున్నారు.

పెద్ద చదువుల మిషనరీకి ఒక పల్లె సంఘ పెద్ద వేదాంతం నేర్పిన క్షణమిది. హీబర్ట్ ఇక్కడ తనను పెంచుకోలేదు, ఎల్లయ్యను ఊరికే పొగడలేదు. జరిగిన వరస చెప్పి పక్కకు తప్పుకున్నారు. మధ్య అంతస్తు ప్రశ్నకు జవాబు మహిమ చూపించడమే అనుకునేవాళ్లకు ఇందులో హెచ్చరిక కూడా ఉంది. ఆ అంతస్తును లేదనుకుంటే సంఘం పొడిబారిపోతుంది, దానికే పెద్దపీట వేస్తే ప్రార్థన మంత్రంగా మారిపోతుంది. రెండు ప్రమాదాలనూ ఆయన సమానంగా చూపించారు.

అడ్వెంటిస్టులు కూడా ఇదే గోడకు తగిలారు. 2005లో సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన వాళ్ల ప్రపంచ మహాసభ 27 విశ్వాసాలకు ఇంకొకటి చేర్చింది. క్రీస్తులో ఎదుగుదల అన్నది దాని పేరు. క్రీస్తు తన మరణంతో దుష్టశక్తులను జయించాడని, విశ్వాసి ఇక వాటి భయంలో, పాత జీవితపు చీకటిలో బతకక్కర్లేదని దాని సారం. మధ్య అంతస్తు భయాలతో రోజూ బతికే దేశాల సంఘాల అవసరం చూసి చేర్చిన మాట ఇది. 25 ఏళ్లపాటు మారని పట్టికను మార్చేలా చేసింది పండితుల తర్కం కాదు, పల్లె విశ్వాసుల భయం. హీబర్ట్ 1982లో చెప్పినదానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

తీర్పు ఎవరిది

ఇక ఆ పద్ధతి సంగతి. 1984లో, తర్వాత 1987లో రాసిన వ్యాసాల్లో హీబర్ట్ దాన్ని మెట్లుగా చెప్పారు. ఒక పాత ఆచారం గురించి సంఘంలో ప్రశ్న వచ్చిందనుకోండి. మొదటి మెట్టులో మంచిచెడ్డలు ఎంచకుండా ఆ ఆచారం గురించి అందరూ కూర్చుని చెప్పుకోవాలి. ఎందుకు చేస్తారు, ఎవరు చేస్తారు, చేయకపోతే ఏమవుతుందని భయం? రెండో మెట్టులో పాస్టరు ఆ విషయం మీద లేఖనాలు తెరిచి వివరించాలి. మూడోదానిలో ఆ వెలుగులో ఆచారాన్ని తూచి సంఘమే తేల్చుకోవాలి. ఉంచుకోవాలా, వదిలేయాలా, మార్చుకోవాలా? చివరగా ఆ నిర్ణయాన్ని కొత్త ఆచరణగా మలచుకోవాలి.

మూడో మెట్టులోనే నాయకుడికి అసలు పరీక్ష. తీర్పు పాస్టరు చెబితే అమలు చేసే పోలీసు కూడా ఆయనే కావలసి వస్తుందని హీబర్ట్ హెచ్చరిస్తారు. పైనుంచి నిషేధించిన ఆచారం పోదు, చాటుకు పోతుంది. మంచిదో చెడ్డదో చూడకుండా అన్నిటినీ అనుమతిస్తే సంఘానికి రూపం ఉండదు. సంఘమే కూర్చుని తేల్చుకుంటే నిలబెట్టేదీ సంఘమే. బొట్టు, తాళి, బతుకమ్మ, పీర్ల పండుగ, చావు ఇంట్లో డప్పు, పాలమూరు సంఘాల్లో ఏళ్ల తరబడి గుసగుసలుగా నడిచే ప్రశ్నలన్నిటికీ ఈ మెట్లు సరిపోతాయి.

పత్తి మొగ్గ ప్రశ్నకూ సరిపోతాయి. సంఘంలోని విత్తనం రైతులను కూర్చోబెట్టి ముందు వాళ్ల లెక్క వినాలి. అడ్వాన్సు ఎంత, ఒక రోజు పోతే నష్టమెంత, ఆ శనివారం ఇంకెవరైనా చేయగలరా, కూలీలతో చేయిస్తే అది తన పని కాకుండా పోతుందా? తర్వాత సబ్బాతు గురించి లేఖనాలు చదవాలి. అప్పుడు వాళ్లే మాట్లాడుకోవాలి. కొందరు శనివారాన్ని గట్టిగా పట్టుకుని ఆ నష్టాన్ని సంఘమంతా పంచుకుందామనవచ్చు. కొందరు వచ్చే ఏడు పంటే మార్చుకుంటామనవచ్చు. ఏది తేలినా అది వాళ్లు నడిచి చేరుకున్న నిర్ణయం అవుతుంది.

ఈ పద్ధతికి వేరు హీబర్ట్ పుట్టిపెరిగిన మెన్నొనైట్ సంప్రదాయంలో ఉంది. లేఖనాన్ని అర్థం చేసుకునే పని సంఘమంతటిదీ అని వాళ్ల పాత నమ్మకం. దాన్ని ఆయన ఇంకొంచెం ముందుకు నడిపించారు. స్థానిక సంఘం తనను తాను పాలించుకోవాలి, పోషించుకోవాలి, వ్యాపించాలి అని మిషన్లు 19వ శతాబ్దం నుంచి చెబుతూ వచ్చాయి. 1985లో వచ్చిన పుస్తకంలో హీబర్ట్ నాలుగోది చేర్చారు. తన వేదాంతం తానే ఆలోచించుకోవాలి. మొదటి మూడూ ఇచ్చి నాలుగోది దగ్గర పెట్టుకున్నవాళ్లు అధికారాన్ని నిజంగా వదులుకోలేదని దీని అర్థం.

నాయకుల తయారీ మీద 1989లో ఆయన రాసిన చిన్న వ్యాసంలో మర్రిచెట్టు, అరటిచెట్టు వస్తాయి. మర్రి కింద ఏదీ ఎదగదన్న దక్షిణాది సామెతతో మొదలవుతుంది. మర్రి పెద్ద నీడనిస్తుంది, పిట్టలకూ బాటసారులకూ ఆశ్రయమిస్తుంది. అది కూలిన రోజు కింద బోడినేల మిగులుతుంది. అరటి అలా కాదు. పక్కన పిలకలు వేస్తుంది, గెల వేశాక తల్లిచెట్టు పోతుంది, పిలక దాని చోటు తీసుకుంటుంది. వెనక నడిచేవాళ్లను తయారుచేయడం సులువు, పొగడ్తలూ వస్తాయి. నాయకులను తయారుచేయడం కష్టం, వాళ్లు ఎదురు ప్రశ్నలు వేస్తారు, తప్పులు చేస్తారు, ఒకనాడు మనల్ని దాటిపోతారు. ఈ వ్యాసంలో కొత్త సిద్ధాంతమేమీ లేదు. ఏ తోట దగ్గరైనా నిలబడి సరిచూసుకోగలిగిన నిజం ఉంది.

అడ్వెంటిస్టు వ్యవస్థలో ఈ మాటకు ప్రత్యేకమైన బరువుంది. ఒక పాస్టరు కింద చాలా సంఘాలుంటాయి. ఆయన ఒక ఊరికి వచ్చి వెళ్లాక వారాల తరబడి సబ్బాతు బడి నడిపేది, రోగి దగ్గర కూర్చునేది, చావు ఇంటికి ముందు పోయేది సంఘం ఎన్నుకున్న పెద్దే. పైన సెక్షన్, యూనియన్, డివిజన్, జనరల్ కాన్ఫరెన్స్ అని ఎన్ని అంతస్తులున్నా, ఎల్లయ్య లాంటి ఒక పెద్ద లేకపోతే కింద ఊళ్లో సంఘం లేదు.

లోటు లేదా

ఉంది. పాపయ్య కులమేమిటో ఆ వ్యాసం చెప్పదు. 'కొండూరు'లో కులాన్ని అంత శ్రద్ధగా చూసిన రచయిత ఇక్కడ దాన్ని పక్కన పెట్టారు. పాలమూరు పల్లెలో కొత్త దేవుడి మాట ఏ వాడలో చెప్పారు, ఎవరు వినడానికి వచ్చారు అన్నదాన్ని బట్టే తర్వాతి కథంతా నడుస్తుంది. ఊరి మధ్య కూర్చునే హక్కు అందరికీ లేదన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు.

ఇంకొకటి, పాపయ్య భార్య. వ్యాసం మొదటినుంచీ ఆమె వంట దగ్గరే ఉంది. ఆ కొత్త మాట ఆమె వినలేదు. ఆమె ఏమంటుందో వ్యాసం అడగదు. మన సంఘాల్లో ఆదివారమైనా శనివారమైనా చాపల మీద ఎక్కువగా కనిపించేది ఆడవాళ్లే. ఈ ప్రశ్నను ఆమె వైపు నుంచి మళ్లీ రాయవలసిన వ్యాసం ఒకటి బాకీ ఉంది.

మూడోది, దిక్కును ఎవరు చూస్తారు అన్నది. గీత దాటాడో లేదో కంటికి తెలుస్తుంది, మనసు ఎటు తిరిగిందో తెలియదు. బలహీనుడైన నాయకుడి చేతిలో ఈ మాట సాకుగా మారుతుంది, పేర్లు మాత్రమే పెంచుకోవాలనుకునేవాడి చేతిలో ఇంకా ప్రమాదం. చేతులెత్తినవాళ్లందరూ తిరిగినట్టే అని లెక్క రాసేసుకోవచ్చు. హీబర్ట్ రాసిన మొత్తం చదివితే ఈ దారి మూసుకుపోతుంది, ఎందుకంటే తిరగడం తర్వాత నడక ఉందని ఆయన గట్టిగానే చెప్పారు. ఆ సగం వదిలేసి మిగతా సగం వాడుకునేవాళ్లతోనే చిక్కు.

ఈ మూడు లోట్లూ చూపించాక కూడా నా అంచనా మారదు. పల్లె మనిషి ప్రశ్నను తక్కువ చేయకుండా ఎత్తుకుని, దాన్ని ప్రపంచ వేదాంతం ముందు నిలబెట్టి, జవాబు చెప్పే హక్కు తిరిగి ఆ పల్లెకే ఇచ్చినవాళ్లు తక్కువ. హీబర్ట్ వాళ్లలో ముందు వరస మనిషి. ఆయన వాడిన ముడిసరుకంతా మనదే, మన పేర్లు, మన ఊళ్లు, మన భయాలు.

గద్వాలలోనో వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో సంఘం నడిపే పెద్దలకు ఒక విన్నపం. పాపయ్య వ్యాసం ఇంగ్లీషు చదవగల కుర్రవాడెవరితోనైనా చదివించుకుని ఒక సాయంత్రం సంఘంలో చర్చకు పెట్టండి. చర్చ మీరు మొదలుపెట్టండి, ముగింపు మాత్రం వాళ్లకు వదిలేయండి.